టర్బిడిటీ మీటరు ముందు కూర్చునే మేనల్లుడికి

కర్నూలు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీటి శుద్ధి కేంద్రం ల్యాబులో నీకు టర్బిడిటీ, అంటే నీటి మసక, చూసే పని అప్పగించారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఆ పనిలోనే తల పండినవాణ్ణి కనుక నాకు ముఖ్యమనిపించినవి రాస్తున్నాను.

ఆ మీటరు నీటిలోని మట్టిని తూచదు. నీటిలోకి పంపిన వెలుగు కణాలకు తగిలి ఎంత చెదిరిందో ఆ వెలుగు దారికి 90 డిగ్రీల కోణంలో పక్కనుంచి చూసి, మసకను కొలిచే ఎన్.టి.యూ. అనే ప్రమాణంలో చెబుతుంది. నమూనా నీరు పోసి మీటరులో పెట్టే గాజు సీసా మీద వేలిముద్ర, గీత, చెమ్మ, లోపల గాలిబుడగ, ఏదున్నా వెలుగు చెదురుతుంది. అది నీటి దోషమో గాజు దోషమో మీటరుకు తెలియదు. తుంగభద్రకు కొత్తనీరు వచ్చి ఎర్రగా పారే రోజుల్లో ఆ కాస్త తేడా లెక్కలోకి రాదు. వడపోసిన నీటి సంగతి వేరు. తాగునీటి భారత ప్రమాణం ఐ.ఎస్. 10500 (2012) ప్రకారం తాగునీటికి 1 ఎన్.టి.యూ. హద్దు, మరో నీటి వనరు లేనప్పుడు మాత్రమే 5 వరకు అనుమతి. అంత చిన్న అంకెల దగ్గర మురికి సీసా మంచినీటిని కూడా చెడ్డదిగా చూపిస్తుంది.

అందుకని సీసాను మూత దగ్గరే పట్టుకో. అదే నమూనా నీటితో రెండు మూడుసార్లు కడిగి, నింపి, పోగులు రాలని మెత్తని గుడ్డతో తుడిచి, దాని మీది గుర్తు మీటరు గుర్తుకు ఎదురుగా వచ్చేలా ప్రతిసారీ ఒకేలా పెట్టు. మన ఎండల్లో ఫ్రిజ్‌లోంచి తీసిన నమూనాను వెంటనే పెడితే గాజుకు చెమ్మ పడుతుంది కనుక గది వేడికి రానివ్వు. నమూనాను కుదిపితే బుడగలు పుడతాయి, కదపకుండా వదిలేస్తే ఒండ్రు అడుగుకు దిగి అంకె తగ్గుతుంది. నెమ్మదిగా తలకిందులు చేసి, బుడగలు పోగానే చూడడం చేతికి అలవాటు కావాలి.

మీటరును సరిచూసే ఫార్మజిన్ ద్రావణాన్ని మీరే తయారు చేయకండి, అందులో వాడే హైడ్రజీన్ సల్ఫేటు విషపదార్థం. తయారైన 4000 ఎన్.టి.యూ. ద్రావణం కొని, పలుచన చేసినదాన్ని ఆ పూటే వాడండి.

వడపోసిన నీరు 1 దాటితే సీసా మళ్లీ కడిగి ఇంకోసారి చూడు. అప్పటికీ దిగకపోతే ఆలస్యం చేయకుండా ఫిల్టరు దగ్గర ఉన్నవారికి చెప్పు, ఎందుకంటే మట్టి కణాల చాటున దాగిన క్రిములను క్లోరిన్ సరిగా చంపలేదు. రెండు రీడింగులనూ రిజిస్టరులో రాయి, మొదటిదాన్ని కొట్టివేయకు.

ఇట్లు,
మీ మామయ్య