స్టెన్సిల్ అంచుల్లో రంగు పాకుతుంటే

జడ్చర్లలో మీ హాలు గోడకు స్టెన్సిల్ (డిజైన్ కోసిన షీటు) పెట్టి రంగు వేస్తే పూల అంచులు చెదిరిపోయాయని రాశారు కదా అక్కా. లోపం షీటుది కాదు, రంగుది. ఎమల్షన్‌లో నీళ్లు కలిపానన్నారు, అలా పలచనైతే షీటు కిందికి దూరక తప్పదు.

చిక్కటి రంగే వాడండి. స్పాంజి రోలర్‌ను ముంచాక పాత పేపర్ మీద నాలుగైదుసార్లు దొర్లించండి, దాదాపు పొడిగా అనిపించాలి. గట్టిగా నొక్కొద్దు. పలచగా ఒకసారి, ఆరాక ఇంకోసారి. ఒక్క దెబ్బకే నిండుగా రావాలన్న తొందరే కొంప ముంచేది! షీటు వెనక అంటిన రంగును రెండు మూడు అచ్చులకోసారి తుడవాలి, చాలామంది ఇదే మరిచిపోతారు. ప్లాస్టిక్ టేపు వద్దు, గోడ రంగుతో సహా ఊడొస్తుంది. మాస్కింగ్ టేపు (తేలిగ్గా ఊడొచ్చే కాగితం టేపు) తెచ్చుకోండి.

ఇప్పటికే చెదిరినవాటికి టెన్షన్ పడకండి. గోడ అసలు రంగుతో సన్న బ్రష్ పట్టి అంచులు దిద్దితే చాలు.

మన పాలమూరు ఎండకు మధ్యాహ్నం రోలర్ మీదే రంగు గడ్డకడుతుంది. పొద్దున్నే, ఫ్యాన్ ఆపి మొదలుపెట్టండి. గోడ అడుగున తెల్లటి పొడి రాలుతోందన్నారు, అది తేమతో పైకొచ్చిన ఉప్పు. ఆ తేమ ఎక్కడిదో చూసి ఆపేదాకా అక్కడ మాత్రం డిజైన్ వేయకండి.