రోజుకి కూడా ఆది తీసుకోవాలి

కావలి,
ఆదివారం సాయంత్రం

చి.ల.సౌ. అమ్మాయికి,

మీ అత్త ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, నీ కుశలం ఎట్టా ఉందో మొన్న ఫోనులో విన్నాను. "అత్తా, ఒక్క నిమిషం" అని పెట్టేశావు. ఆ ఒక్క నిమిషానికి ఇవాళ్టికి నాలుగు రోజులు. కోపం లేదులే. నువ్వు పెట్టేసే ముందు నీ కుట్టు మిషను చప్పుడు వెనకాల ఎవరో ఆవిడ "శుక్రవారం అన్నావు, ఏ శుక్రవారం?" అని అడగడం మాత్రం స్పష్టంగా వినపడింది. ముప్పై ఏళ్ళ కిందట నా కొట్టులోనూ అదే ప్రశ్న. అందుకే మళ్ళీ ఫోను చేయకుండా ఉత్తరం రాస్తున్నాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక చదువుకో. మిషను మీద పెట్టుకుని చదవకు.

ఈసారి రొట్టెల పండక్కి కూడా పోలేదంట కదా, టైం లేదని. మీ అమ్మ చెప్పింది. బుచ్చిరెడ్డిపాళెం నుంచి నెల్లూరు ఏమంత దూరమని! సరే, పోయినా ఏ కోరికకి ఏ రొట్టె పట్టేదానివి? స్వర్ణాల చెరువు దగ్గర చదువు రొట్టె ఉంది, ఉద్యోగం రొట్టె ఉంది, పెళ్ళి రొట్టె ఉంది, ఇల్లు కావాలంటే దానికీ ఉంది. టైం రొట్టె పంచేవాళ్ళని మాత్రం నేను ఇంతవరకూ చూడలేదు.

నీకు పని రాదని ఎవరూ అనరు. జాకెట్టు మెడ తిప్పడంలో నీ కుట్టు నాకంటే నున్నగా ఉంటుంది. ఖాళీగా కూర్చునే రకానివీ కావు. కానీ ఒకటి చూడు. గుడ్డ మీద కత్తెర పెట్టాలంటే ముందు ఆది జాకెట్టు, అదే కొలతకిచ్చే పాత జాకెట్టు, అడుగుతావు, అది లేకపోతే టేపు తీస్తావు. కొలత లేకుండా అంగుళం కోయవు. రోజుని మాత్రం ఏ కొలతా లేకుండా కోసి వచ్చినవాళ్ళందరికీ పంచుతున్నావు. "శుక్రవారం ఇస్తానక్కా" అనేటప్పుడు, శుక్రవారం లోపల నీ చేతిలో ఎన్ని గంటలున్నాయో నీకే తెలియదు.

రా, లెక్క వేద్దాం. లైనింగ్ జాకెట్టు ఒకటి తీసుకో. కటింగ్‌కి 25 నిమిషాలు. మిషను మీద గంటంబావు. హెమ్మింగూ హుక్కులూ అరగంట. ఇస్త్రీకి 5 నిమిషాలు. మొత్తం 2 గంటల 15 నిమిషాలు. ఇది నా చేతి లెక్క, నీది వయసులో ఉన్న చెయ్యి కాబట్టి పది నిమిషాలు తగ్గొచ్చు.

ఇప్పుడు రోజు. పది గంటలకి కొట్టు తీసి ఏడున్నరకి మూస్తావు, అంటే తొమ్మిదిన్నర గంటలు. అన్నానికీ, పిల్లవాణ్ణి బడి నుంచి తీసుకురావడానికీ గంటన్నర తీసెయ్. ఎనిమిది. రోజుకి పన్నెండు మంది వస్తే, ఒక్కొక్కరితో పది నిమిషాలు మాట్లాడినా రెండు గంటలు. ఆరు. ఫోన్లు, కరెంటు పోవడం, దారం తెగడం, సూది విరగడం, పక్క కొట్టు ఆవిడ టీకి పిలవడం, ఇవన్నీ ఎంత లేదన్నా గంట. మిగిలేది అయిదు గంటలు. అందులో జాకెట్లు రెండు పడతాయి, మిగిలిన అరగంటలో ఒక చీరకి ఫాల్ సగం పడుతుంది. మీ అమ్మ చెప్పడం నువ్వు రోజుకి అయిదు ఒప్పుకుంటున్నావని. అంటే రోజుకి మూడు జాకెట్లు అప్పు. ఆదివారాలు తీసేసినా, నెల తిరిగేసరికి దగ్గర దగ్గర ఎనభై. రాత్రి పన్నెండు దాకా మేలుకుని నువ్వు తీరుస్తున్నది ఆ అప్పే. అది తీరదు, ఎందుకంటే పొద్దున్నే మళ్ళీ చేస్తావు.

నా అంకెల్ని నమ్మొద్దు, నీవి నువ్వు తీసుకో. ఒక్క వారం, చీటీల పుస్తకం వెనక అట్ట మీద రాయి, ఏ పని ఎన్నింటికి పట్టావు, ఎన్నింటికి వదిలావు. అందంగా రాయక్కర్లేదు, మార్కింగ్ చాక్‌తో గీకినా సరే. వారం అయ్యాక చూసుకుంటే నీకే నవ్వొస్తుంది, తర్వాత కొంచెం ఏడుపు కూడా వస్తుంది. నాకు వచ్చింది. నేను అరగంట పని అనుకున్న పంజాబీ డ్రెస్సు ప్యాంటు, కచ్చితంగా యాభై నిమిషాలు తింటోంది!

మీ బావకి ఈ సంగతి చెప్తే పెద్ద నవ్వు నవ్వాడు. వాళ్ళ ఆఫీసులోనూ ఇదే గోలంట. ఒక పనికి కిందటిసారి ఎంతసేపు పట్టిందో బాగా తెలిసి కూడా, ఈసారి త్వరగా అయిపోతుందనే అనుకుంటాడంట మనిషి. కానమన్, ట్వెర్‌స్కీ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీనికొక పేరు పెట్టారంట. ఆ పేరుకి నాకు నోరు తిరగలేదు. మన దగ్గర జాకెట్టు ఇచ్చిన ఏ ఆడమనిషిని అడిగినా ఇదే చెప్పేది కదా అన్నాను.

ఇక కటింగ్ మాట. కటింగ్ పొద్దున్నే చెయ్. నా మిగతా మాటలు విన్నా వినకపోయినా ఇది విను.

1996 అనుకుంటాను, మీ బావ అప్పుడు రెండో తరగతి. ఒక పెళ్ళికూతురి జాకెట్టు. కంచిపట్టు, చీరతో వచ్చిన ముక్క. అంచు రెండు చేతులకీ సరిగ్గా సరిపోతుంది, ఆపైన అంగుళం మిగలదు. పగలంతా వచ్చిపోయేవాళ్ళతోనే గడిచిపోయింది. ఎల్లుండి ముహూర్తం. రాత్రి పదకొండుకి, బల్బు కింద, కళ్ళు మండుతుండగా కత్తెర పట్టాను. గుడ్డ చాలదని చేతులు రెండూ విడివిడిగా పెట్టి కోశాను, రెండోదానికి తిరగేయడం మర్చిపోయాను. చంక దగ్గర లోతుగా తీసే వంపు ఉంటుంది చూడు, అది రెండిటికీ ఒకే పక్క వచ్చింది. రెండూ ఎడమ చేతులే. ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. ఒకదాన్ని తిప్పి చూశాను, జరీ వెనక పోగులన్నీ పైకొచ్చాయి. ఆ రెండు ముక్కలూ ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

తెల్లారి మొదటి బస్సుకి నెల్లూరు పోయి చిన్న బజారంతా తిరిగాను. ఆ రంగు దొరకలేదు. ఆ పిల్ల పీటల మీద వేరే చీర జాకెట్టుతో కూర్చుంది. వాళ్ళమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. కోసిన ముక్కలన్నీ మడిచి సంచిలో పెట్టుకుని, లైనింగ్ డబ్బులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ ఇంటి నుంచి మళ్ళీ ఒక్క గుడ్డ నా కొట్టుకి రాలేదు. ఆ తర్వాత దీపాలు పెట్టాక నేను కత్తెర ముట్టుకోలేదు. రాత్రి పూట హుక్కులు కుట్టు, చేతులకి హెమ్మింగ్ చెయ్, బాబిన్లు చుట్టుకో. తప్పు పోయినా విప్పుకోవచ్చు. కోసింది అతకదు.

నేను కటింగ్‌కి కూర్చుంటే, పొద్దున మద్రాసు వైపు పినాకిని రైలు పోయిన చప్పుడు వినపడే దాకా లేచేదాన్ని కాదు. అప్పటిదాకా కొట్టు తీసేదాన్ని కాదు, ఫోను తీసేదాన్ని కాదు. వారానికి రెండు పొద్దులు అట్టా కూర్చుంటే వారం మొత్తానికి సరిపడా ముక్కలు కోసి, ఎవరివి వాళ్ళ ఆది జాకెట్టులో చుట్టి, చీటీ పిన్ను పెట్టి అలమరలో వరసగా పెట్టేదాన్ని. తర్వాత కుట్టేటప్పుడు వచ్చిన వరసలో కుట్టకు, రంగు వరసలో కుట్టు. ఎరుపులన్నీ ఒకసారి, ఆకుపచ్చలన్నీ ఒకసారి. జాకెట్టు జాకెట్టుకీ దారం మార్చి, బాబిన్ మార్చి, సూదిలోకి ఎక్కించుకుంటూ కూర్చుంటే ఆ మూడు నిమిషాలూ నాలుగు నిమిషాలూ ఎక్కడికి పోయాయో తెలియదు.

బాబిన్ అంటే గుర్తొచ్చింది. మీ బావ ఫోనులో ఒక గడియారం పెట్టుకున్నాడు. 25 నిమిషాలు పని, గంట మోగగానే 5 నిమిషాలు విశ్రాంతి. ఇటలీలో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే అతను కాలేజీలో చదివేటప్పుడు, 1980ల చివర్లో, వంటింట్లో వాడే టమాటా ఆకారం గడియారంతో మొదలుపెట్టాడంట. వాళ్ళ భాషలో పొమొడోరో అంటే టమాటా. మంచి పద్ధతే. నాకు మాత్రం బాబిన్ అయిపోవడమే గంట. దారం అయిపోయిన ప్రతిసారీ లేచి, నాలుగు అడుగులు నడిచి, మంచినీళ్ళు తాగి, కొత్త బాబిన్ పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆ మధ్యలో ఫోను చూడను. నడుము ఇంకా నిలబడి ఉందంటే అందుకే. నువ్వేమో బాబిన్ మారుస్తూ మారుస్తూ ఫోను తీస్తావు, నేను చూశాను.

వచ్చినావిడ మెడ డిజైను కోసం ఫోనులో వెతుకుతుంటే పక్కన నిలబడి నువ్వూ చూడటం మానెయ్. ఇరవై నిమిషాలు చూసి చివరికి "మామూలుగా గుండ్రంగానే కుట్టు" అంటుంది. పన్నెండు మెడలు గీసి, పక్కన రేటు రాసి, అట్ట వేసి బల్ల మీద పడెయ్. ఆమె చూసుకుంటుంది, నువ్వు కుట్టుకో. అట్లాగే రెండు మీటర్ల లైనింగ్ కోసం చిన్న బజారుకి పరుగులు కూడా ఆపు. తెలుపు, నలుపు, ఎరుపు, మెరూన్, చందనం రంగు తానులు ఇంట్లో ఉంటే ముప్పాతిక వంతు అవసరం తీరుతుంది. మిగతావి వారానికి ఒకసారి, చీటీ రాసుకుని.

హుక్కులూ హెమ్మింగూ బయట ఇవ్వమంటే "నా చేతిలా రాదత్తా" అన్నావు. రాదు. రెండు నెలలు పక్కన కూర్చోబెట్టుకుని విప్పించి విప్పించి కుట్టిస్తే వస్తుంది. జాకెట్టుకి అరగంట మిగిలితే రెండు గంటల పావు పని గంటా ముప్పావుకి దిగుతుంది. ఆమెకి ఇచ్చే డబ్బులు పోను నీకే మిగులు. ఇంకొకటి, పొద్దున పిల్లవాడి స్నానం, టిఫిన్ బాక్సు మీ ఆయనకి అప్పగించు. మా రోజుల్లో మేము అడగలేదు. అడగకపోవడం గొప్ప అనుకున్నాను గానీ, ఇప్పుడు అట్టా అనిపించడం లేదు.

పక్క కుట్టులో అంగుళంన్నర ఎందుకు వదులుతావు? మనిషి లావవుతుందని. రోజు కూడా లావవుతుంది అమ్మాయీ. చుట్టం వస్తాడు, పిల్లవాడికి జ్వరం వస్తుంది, కరెంటు పోయి మోటారు ఆగిపోతుంది. కుట్టుకి వదిలినట్టే రోజుకి ఒక గంట ఎవరికీ ఇవ్వకుండా వదిలి పెట్టు. "అక్కా, అర్జెంటు" అని వచ్చినవాళ్ళది అందులో కుట్టు, రోజుకి ఒక్కటే, అదీ ఎక్కువ డబ్బు తీసుకుని. మొహమాటపడకు. డబ్బు ఎక్కువంటే సగం అర్జెంట్లు వాటంతటవే తగ్గిపోతాయి. ఎవరూ రాని రోజు ఆ గంట నీది, పడుకో. రోహిణి కార్తెలో ఎట్లాగూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మన ఎండకి కాకి కూడా బయటికి రాదు. పడుకుంటే పడుకో, కుడితే కుట్టు, ఫోను చూస్తూ పడుకుంటే మాత్రం రెంటికీ చెడ్డ రేవడివి అవుతావు.

ఉగాదికి పంచాంగం కొంటావు కదా, రాశిఫలాలు చూసి మూల పెట్టకు. పెళ్ళి ముహూర్తాలన్నీ గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో చుట్టు. మూఢం ఎప్పుడు మొదలై ఎప్పుడు పోతుందో రాసుకో. మూఢంలో పెళ్ళిళ్ళుండవు, అది పోయిన వారం అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఆషాఢం వచ్చిందని కాళ్ళు చాపుకోకు. బట్టల కొట్లలో తగ్గింపులు పెట్టేది అప్పుడే, చీరలు కొనేదీ అప్పుడే. జాకెట్టు ముక్క మాత్రం శ్రావణ పౌర్ణమి ముందు శుక్రవారం వరలక్ష్మీ వ్రతమని గుర్తొచ్చాక, బుధవారం నాడు పట్టుకొస్తారు. కాబట్టి ఆషాఢంలోనే నువ్వే పాతవాళ్ళకి ఫోను చేసి, "చీర కొన్నారా, ముక్క ఇప్పుడే ఇవ్వండి, వ్రతానికి తొందర ఉండదు" అని అడుగు. నేను ఆరేళ్ళు ఆలస్యంగా నేర్చుకున్న ముక్క ఇది. మిషను సర్వీసు కూడా ఆ నెలలోనే.

ఆదివారం కొట్టు తీయకు. చేపల పులుసు శనివారం రాత్రే పెట్టేసుకో, మన పులుసు మర్నాటికే కదా బాగుండేది, ఆదివారం పొద్దున అన్నం ఒక్కటి వండితే చాలు. మామిడికాయ ముక్కలు ఎక్కువ వేయకు, మీ ఆయనకి పులుపు పడదు.

రోజూ కొట్టు మూసే ముందు రెండు నిమిషాలు ఉండు. రేపు మొదట కుట్టాల్సిన ముక్క తీసి, దానికి సరిపోయే దారం ఎక్కించి, గుడ్డని మిషను పాదం కింద పెట్టి, సూది దించి, అప్పుడు లైటు తీసెయ్. పొద్దున వచ్చి కూర్చోగానే కాలు తొక్కడమే. ఏది ముందు కుట్టాలి, ఎవరిది అర్జెంటు అని అలమర ముందు నిలబడే అరగంట నీకు మిగులుతుంది.

వచ్చే నెల మీ ఇంటికి వస్తాను, నాలుగు రోజులుంటాను. హుక్కులు కుట్టే ఆవిణ్ణి ఈలోపు చూసిపెట్టు, నేర్పే పని నేను చూస్తాను. సంక్రాంతికి నీకిచ్చిన నా బిస్కట్ రంగు జాకెట్టు ముక్క ఇంకా అలమరలోనే ఉండి ఉంటుంది. తొందరేం లేదు. తేదీ వేసి చీటీ మాత్రం రాసిపెట్టు. ఆ తేదీ వేసే ముందు లెక్క చూసుకో.

ఇట్లు,
మీ అత్త