స్పోర్ట్స్ కారు మైలేజీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో 5 లీటర్ల వీ8 మస్టాంగ్ కొన్నాను. హనుమకొండలో రోజూ తిప్పితే లీటరుకు అయిదు కూడా రావట్లేదు. హైదరాబాద్ వెళ్లొస్తే మాత్రం పదికి తగ్గదు. ఇంజిన్‌లో ఏమైనా లోపం ఉందా? (హనుమకొండ)

జవాబు: లోపమే ఉంటే హైవే మీదా బయటపడేది. అక్కడ పది ఇస్తున్నదంటే ఇంజిన్ బాగానే ఉన్నట్టు. ఇంత పెద్ద ఇంజిన్ ఊర్లో కిలోమీటర్ల లెక్కన కాదు, గంటల లెక్కన తాగుతుంది. ఏసీ వేసి ఊరికే నిలబెట్టినా గంటకు రెండు లీటర్లకు పైనే పోతాయి. కాజీపేట నుంచి వరంగల్ చౌరస్తా వైపు సాయంత్రం 11 కిలోమీటర్లు వెళ్లారనుకోండి. అందులో 12 నిమిషాలు సిగ్నళ్ల దగ్గర, ఆటోల వెనక నిలబడితే అక్కడికే 0.4 లీటరు ఖర్చు. కదిలినంతసేపు లీటరుకు ఆరు చొప్పున వేసుకున్నా మరో 1.8 లీటర్లు. మొత్తం 2.2 లీటర్లకు 11 కిలోమీటర్లు, అంటే మీరు చెప్పిన అయిదు దగ్గరికే వచ్చింది.

కదిలేటప్పుడు కూడా ఆరే ఎందుకొస్తుందో చూడండి. మనిషితో కలిపి సుమారు 1,800 కిలోల బండి అది. 50 వేగంలో ఉన్నదాన్ని బ్రేకు కొట్టి ఆపి, మళ్లీ 50కి తేవడానికి దాదాపు 25–30 మిల్లీలీటర్ల పెట్రోలు కావాలి. పది సార్లు ఆగితే పావు లీటరుకు పైగా బ్రేకు డిస్కుల్లో వేడి కింద పోయినట్టే. అందుకే ముందున్న బస్సు ఆగుతుందని కనబడగానే యాక్సిలరేటర్ వదిలేసి, గేరులోనే బండిని దొర్లనివ్వడం ఏ మైలేజీ మందు కన్నా మేలు.

పొద్దున స్టార్ట్ చేసి రెండు కిలోమీటర్లు పోయి ఆపేసే అలవాటుంటే అంతకన్నా నష్టం. చల్లటి ఇంజిన్ పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను వేడెక్కించడానికి ఐడ్లింగ్ పెంచుకుంటుంది, ఆయిల్ ఇంకా చిక్కగా ఉంటుంది. ఆయిల్ పూర్తిగా వేడెక్కడానికి రెండు కిలోమీటర్లు ఏ మూలకూ చాలవు. పాలప్యాకెట్‌కు మస్టాంగ్ తీయకండి, స్కూటీ ఉంటుంది కదా.

కంపెనీ చెప్పే అంకెతో పోల్చుకుని బాధపడొద్దు. ఆ పరీక్ష ల్యాబ్‌లో రోలర్ల మీద, ఏసీ ఆపి, 90 వేగం దాటకుండా చేస్తారు. మన మే నెల ఎండ అందులో లేదు. హైవే మీద 80 నుంచి 120కి పెంచితే గాలి అడ్డు రెండుంపావు రెట్లవుతుంది. జనగామ దాటాక రోడ్డు ఖాళీగా ఉందని 130కి తొక్కితే మీ పది కాస్తా ఏడో ఎనిమిదో అవుతుంది.

ప్రశ్న: ఆక్టావియా ఆర్‌ఎస్ వాడుతున్నాను. డ్యాష్‌బోర్డు 13.6 చూపిస్తుంది, ట్యాంకు నింపి లెక్కేస్తే 12.4 వస్తుంది. స్పీడ్ బ్రేకర్లకు కింద తగులుతున్నదని టైర్లు 225/40 ఆర్18 తీసేసి 225/45 వేయించాను. తేడా దాని వల్లేనా? (కరీంనగర్)

జవాబు: కాదు. డ్యాష్‌బోర్డు లెక్కకైనా మీ లెక్కకైనా దూరం ఆ చక్రాల సెన్సర్ల నుంచే వస్తుంది, కాబట్టి టైరు మారిస్తే రెండూ ఒకే నిష్పత్తిలో మారతాయి. పాత టైరు ఎత్తు 637 మిల్లీమీటర్లు, కొత్తది దాదాపు 660. మీటరు 100 చూపినప్పుడు బండి నిజంగా 103.5 కిలోమీటర్లు నడిచింది. అంటే మీ 12.4 అసలు 12.8. ఈ సైజుతో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు దాని పైనుండే ప్లాస్టిక్ లైనర్‌కు రాసుకుంటున్నదేమో మాత్రం చూసుకోండి.

తేడా వచ్చేది వేరే చోట. ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయన్న దాన్నిబట్టి ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, పెట్రోలును అంచనా వేస్తుంది. అది అయిదు నుంచి ఎనిమిది శాతం దాకా గొప్పగా చూపడం మామూలే. మిగిలింది బంకు దగ్గరి తేడా. 25 లీటర్లు పట్టే చోట ఒక లీటరు అటూ ఇటూ అయితే నాలుగు శాతం మారిపోతుంది. అదే బంకు, అదే పంపు, బండి సమతలంగా. మొదటి ఆటో కట్‌కు ఆపేయమనండి, ట్రిప్ మీటరు సున్నా చేయండి, కనీసం 300 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అలాగే నింపండి. మూడు ట్యాంకుల కిలోమీటర్లు కలిపి, మూడింటి లీటర్లతో భాగిస్తే వచ్చేదే నమ్మదగ్గ అంకె.

రౌండ్ ఫిగర్ కోసం ఆటో కట్ తర్వాత కూడా పోయించుకునే అలవాటు మానేయండి. మెడ దాకా నింపితే పెట్రోలు ఆవిరిని పట్టే చార్‌కోల్ క్యానిస్టర్‌లోకి ద్రవమే పోతుంది. అందులోని బొగ్గు పాడవుతుంది, ఆ ఆవిరిని ఇంజిన్‌కు పంపే పర్జ్ వాల్వు కూడా మొరాయిస్తుంది. పెట్రోలు పోయించుకున్న వెంటనే బండి స్టార్ట్ కాక సతాయిస్తున్నదంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. పది రూపాయల చిల్లర కోసం వేలల్లో ఖర్చు.

ప్రశ్న: ఇరవై శాతం ఇథనాల్ వచ్చాక మైలేజీ తగ్గింది. వంద ఆక్టేన్ పోస్తే పెరుగుతుందా? (మంచిర్యాల)

జవాబు: ఇథనాల్‌లో లీటరుకు పెట్రోలు కన్నా మూడో వంతు శక్తి తక్కువ. పది శాతం నుంచి ఇరవైకి మారితే మూడు శాతానికి కాస్త పైగా తగ్గడం సహజం, అంటే 12 ఇచ్చేది 11.6 అవుతుంది. మీకు 12 కాస్తా 9 అయితే తప్పు ఇథనాల్‌ది కాదు. ట్యాంకు మూత లోపలి స్టిక్కర్ చదవండి. ఆక్టేన్ 95 అని ఉంటే 95 చాలు. అంతకన్నా తక్కువ పోస్తే ఇంజిన్ టకటకలాడడాన్ని పసిగట్టే నాక్ సెన్సర్ ఇగ్నిషన్‌ను, అంటే స్పార్క్ పడే సమయాన్ని, వెనక్కి జరుపుతుంది, టర్బో బండిలో బలమూ మైలేజీ రెండూ పడిపోతాయి. 95కే కట్టిన ఇంజిన్‌లో వంద పోస్తే లాభం నామమాత్రం. ధర మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు.

ప్రశ్న: వానలు తగ్గాక ఉన్నట్టుండి లీటరుకు 11 నుంచి 8కి పడిపోయింది. చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? (పరకాల)

జవాబు: చేత్తోనే మొదలుపెట్టండి. గట్టిగా బ్రేకు కొట్టకుండా పది కిలోమీటర్లు నడిపి, నాలుగు చక్రాల దగ్గర చేయి పెట్టి చూడండి, తాకొద్దు. ఒక్క చక్రం మిగతావాటి కన్నా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు ప్యాడ్లను నొక్కే కాలిపర్ పట్టేసినట్టే. నీళ్లు చేరి కాలిపర్ జారే స్లైడ్ పిన్నులు తుప్పు పట్టడం ఈ సీజన్‌లో చాలా మామూలు. పిన్ను తీసి శుభ్రం చేసి, సిలికాన్ బ్రేక్ గ్రీజు రాసి, చిరిగిన రబ్బరు బూటు మార్పించండి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి మళ్లీ అదే కథ.

అక్కడేమీ లేకపోతే ఇంజిన్ కంప్యూటర్‌లోని అంకెలు చదివే ఓబీడీ స్కానర్ పెట్టించండి. హైవే మీద కూలెంట్ 90 దగ్గర నిలవాలి. 70–75కి జారుతుంటే కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది. డ్యాష్‌బోర్డు ముల్లు దీన్ని తొందరగా చెప్పదు, ఇంజిన్ మాత్రం ఎప్పుడూ చల్లగా ఉన్నాననుకుని పెట్రోలు ఎక్కువ వేసుకుంటుంది. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచిందో తగ్గించిందో చెప్పే అంకె, ప్లస్ 10 దాటితే ఎక్కడో గాలి లీకవుతున్నది, లేదా లోపలికొచ్చే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ మురికి పట్టింది. నూనె రాసే రకం ఎయిర్ ఫిల్టర్ వేయించుకున్నవారిలో ఇది ఎక్కువ. మైనస్ 10 దాటితే ఇంజెక్టరో పర్జ్ వాల్వో కారుతున్నది. టైర్ల గాలి మాత్రం పొద్దున్నే, బండి కదలకముందే చూడాలి. మధ్యాహ్నం వేడి టైరులో కొలిస్తే మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ చూపి మోసం చేస్తుంది.

ప్రశ్న: మహబూబ్ ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో పెడితే పెట్రోలు మిగులుతుందా? (నిర్మల్)

జవాబు: మిగలదు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి, ఖర్చు సున్నా. న్యూట్రల్‌లో ఐడ్లింగ్‌కు పెట్రోలు పోతూనే ఉంటుంది, పైగా బరువంతా బ్రేకుల మీద పడుతుంది. ఘాట్‌లో రెండో మూడో గేరు వేసుకుని దిగండి.