అంచు ఎక్కడ మొదలవుతుంది? కొలతలపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా ఫ్యాబ్రికేషన్ షాపులో 12 మిల్లీమీటర్ల ప్లేట్లకు 60 డిగ్రీల వీ గాడి చేసి, వెల్డింగ్‌కు ముందు గాడి పై వెడల్పును లేజర్ ప్రొఫైల్ సెన్సర్‌తో (ఉపరితలం ఎత్తుపల్లాల గీతను, అంటే ప్రొఫైల్‌ను, వరుస బిందువులుగా ఇచ్చే పరికరంతో) కొలుస్తున్నాము. ప్రొఫైల్ ఎక్కడ ఎక్కువగా వంగితే అక్కడ అంచు ఉన్నట్టు సాఫ్ట్‌వేర్ గుర్తిస్తుంది. ప్లేటును కదపకుండా పదిసార్లు స్కాన్ చేసినా ఆ అంచు దాదాపు అర మిల్లీమీటరు అటూ ఇటూ జరుగుతోంది. సెన్సర్‌లో బిందువుల మధ్య దూరం 50 మైక్రాన్లు, ఎత్తులో నాయిస్ (కొలతలో యాదృచ్ఛికంగా వచ్చే హెచ్చుతగ్గులు) 10 మైక్రాన్లు. ఇంతకంటే ఖరీదైన సెన్సర్ కొనాలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: కొనవద్దు. మీ సెన్సర్ తన పని సరిగానే చేస్తోంది, లోపం అంచును వెతికే పద్ధతిలో ఉంది. మీరు ఇచ్చిన అంకెలతోనే లెక్క వేసి చూడండి. పక్కపక్కనున్న రెండు బిందువుల ఎత్తుల తేడాను 50 మైక్రాన్లతో భాగిస్తే వాలు వస్తుంది. ఒక్కో బిందువులో 10 మైక్రాన్ల నాయిస్ ఉంటే రెండింటి తేడాలో సుమారు 14 మైక్రాన్లు ఉంటుంది, అంటే వాలులో 0.28. డిగ్రీల్లో చెప్పాలంటే, అద్దంలా చదునుగా ఉన్న ప్లేటు కూడా మీ సాఫ్ట్‌వేర్ కంటికి ప్రతి 50 మైక్రాన్లకూ 16 డిగ్రీల మేర ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. వంపు అంటే ఆ వాలులో వచ్చే మార్పు కాబట్టి అక్కడ నాయిస్ ఇంకా పెరుగుతుంది. అలాంటి సంకేతంలో అతి పెద్ద విలువ ఎక్కడుందో వెతికితే ప్రతి స్కాన్‌లోనూ ఒక్కో చోట దొరకడంలో ఆశ్చర్యం లేదు.

దీనికి చాలామంది మొదట చేసేది ప్రొఫైల్‌ను నునుపు చేయడం. 1964లో సావిట్‌స్కీ, గోలే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రచురించిన పద్ధతిలో ఒక్కో బిందువు చుట్టూ 11 బిందువులు తీసుకుని, వాటి గుండా సరళరేఖను అమర్చి వాలు లెక్కిస్తే, మీ 16 డిగ్రీల నాయిస్ సుమారు 1 డిగ్రీకి దిగుతుంది. ఆ మేలుకు మూల్యం కూడా ఉంది. 11 బిందువులంటే అర మిల్లీమీటరు పొడవు కాబట్టి, నిజమైన మూల కూడా అంత మేరా అరిగిపోయినట్టు పరుచుకుంటుంది. అందుకే నునుపు చేసిన ప్రొఫైల్‌ను మూల సుమారుగా ఎక్కడుందో తెలుసుకోవడానికే వాడాలని, తుది కొలతకు వాడకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

తుది కొలతకు రేఖల ఖండన బిందువు కావాలి. సుమారు మూల దొరికాక దానికి ఇరువైపులా ఒక్కో మిల్లీమీటరు వదిలేయండి. ప్లేటు పైభాగం నుంచి ఓ వంద బిందువులు, గాడి గోడ నుంచి ఓ వంద బిందువులు తీసుకుని రెండు సరళరేఖలు అమర్చి, అవి కలిసే చోటును అంచుగా తీసుకోండి. వంద బిందువుల సగటు కాబట్టి నాయిస్ చాలావరకు ఒకదానితో ఒకటి రద్దయి, అంచు స్థానం మైక్రాన్లలో నిలకడగా వస్తుంది. గోడ 60 డిగ్రీల ఏటవాలుగా దిగుతుంది కాబట్టి అక్కడ రేఖను అమర్చేటప్పుడు బిందువుల నిలువు దూరాలను కాక, రేఖకు లంబంగా ఉన్న దూరాలను తగ్గించే పద్ధతి వాడండి. లేకపోతే రేఖ వాలు కొద్దిగా తప్పవచ్చు. ట్యాక్ వెల్డింగ్ (ప్లేట్లను తాత్కాలికంగా అతికించే చిన్న వెల్డింగ్) సమయంలో పడిన స్పాటర్ చుక్క (ఎగిరిపడి గట్టిపడిన లోహపు బొట్టు) ఒక్కటి ఉన్నా మొత్తం రేఖను తనవైపు లాగుతుంది. కనుక రేఖను ఒకసారి అమర్చి, దానికి మరీ దూరంగా ఉన్న బిందువులను తీసేసి, మళ్ళీ అమర్చండి.

సెన్సర్‌కు వెలుతురు తిరిగి రాని చోట మీ సాఫ్ట్‌వేర్ ఆ బిందువుకు ఏ విలువ రాస్తుందో కూడా చూడండి. మెరిసే గ్రైండింగ్ గీతల దగ్గర బిందువులు తరచుగా తప్పిపోతాయి. ఒక ఫ్యాక్టరీలో రెండు రోజులు లేని మూలను వెతికిన అనుభవం నాకుంది. తప్పిపోయిన ప్రతి బిందువుకూ అక్కడి ప్రోగ్రామ్ సున్నా రాస్తోంది, ఆ సున్నాలే లోతైన గాడుల్లా కనిపించాయి. తప్పిపోయిన బిందువును లేనిదిగానే ఉంచాలి. దాన్ని సున్నాతో గాని, పక్క విలువతో గాని నింపకూడదు.

ఇక అసలు చిక్కు. మీ ప్లేటు అంచును గ్రైండర్‌తో తాకించి 0.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రం చేశారనుకుందాం. రెండు రేఖలు కలిసే బిందువు అప్పుడు లోహంలో ఉండదు, గాలిలో ఉంటుంది. గుండ్రం మొదలయ్యే చోటు అక్కడి నుంచి 0.29 మిల్లీమీటర్ల అవతల ఉంటుంది. ఒకరు ఖండన బిందువునూ మరొకరు గుండ్రం మొదలయ్యే చోటునూ అంచుగా తీసుకుంటే, రెండు అంచులకూ కలిపి వెడల్పులో 0.58 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఇద్దరి లెక్కా సరైనదే. కాబట్టి వెడల్పును ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలో డ్రాయింగ్ చేసినవారిని అడిగి, ఆ మాటను ప్రోగ్రామ్ మొదటి వరుసలోనే రాసి పెట్టుకోండి.

ప్రశ్న: లేత్‌పై తీసిన 0.6 మిల్లీమీటర్ల వెడల్పు గాడి లోతును మేమూ మా కస్టమరూ ఒకే ప్రొఫైల్ ఫైలు నుంచి లెక్కిస్తే 8 మైక్రాన్ల తేడా వస్తోంది. ఎవరిది ఒప్పు?
– ఒక పాఠకుడు, బాలానగర్

సమాధానం: మీరు గరిష్ఠ ఎత్తు నుంచి కనిష్ఠ ఎత్తు తీసేస్తున్నారని ఊహిస్తున్నాను. అలా చేస్తే అంచుమీద లేచిన బర్ (కోతలో మిగిలే పలుచని లోహపు ముల్లు) కూడా లోతులో కలిసిపోతుంది. 2000లో వెలువడిన ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 5436-1 ప్రమాణం, కొలత పరికరాలను సరిచూసే నమూనాల గాడి లోతుకు ఒక చక్కటి నియమం చెప్పింది, దాన్ని మీ ఇద్దరూ ఒప్పుకుంటే వివాదం తీరుతుంది. గాడి వెడల్పుకు మూడు రెట్ల పొడవును, అంటే మీకు 1.8 మిల్లీమీటర్లను, గాడి మధ్యలోకి వచ్చేలా తీసుకోండి. గాడికి ఇరువైపులా వెడల్పులో మూడో వంతు, అంటే 0.2 మిల్లీమీటర్లు వదిలేయండి. ఆ తర్వాత మిగిలిన 0.4 మిల్లీమీటర్ల చొప్పున పైభాగాన్నీ, అడుగున నడిమి 0.2 మిల్లీమీటర్లనూ మాత్రమే లెక్కలోకి తీసుకుని, రెండు సమాంతర రేఖలు అమర్చి వాటి మధ్య దూరాన్ని లోతుగా చెప్పండి. బర్, మూలల గుండ్రం రెండూ వదిలేసిన భాగంలోనే ఉండిపోతాయి. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చేది, అంచును గుర్తించడంలో 10, 20 మైక్రాన్ల పొరపాటు జరిగినా లోతు దాదాపు మారకపోవడం.

ప్రశ్న: ఒకే గరుకుదనం ప్రొఫైల్‌లో ఒక సాఫ్ట్‌వేర్ 14 శిఖరాలు, మరొకటి 41 శిఖరాలు చూపిస్తోంది. ఎందుకు?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని, వరంగల్

సమాధానం: ఎంత చిన్న ముడతను శిఖరంగా లెక్కించకూడదో రెండూ వేర్వేరుగా నిర్ణయించుకున్నాయి. ఐఎస్ఓ 4287 ప్రకారం వేరుగా చెప్పకపోతే ఎత్తు హద్దు ఆర్‌జెడ్ (అతి ఎత్తైన శిఖరానికీ అతి లోతైన లోయకీ మధ్య ఎత్తు) విలువలో 10 శాతం, అడ్డంగా హద్దు శాంప్లింగ్ పొడవులో (గరుకుదనాన్ని లెక్కించే ఒక్కో ముక్క పొడవులో) 1 శాతం. ఆర్‌జెడ్ 6 మైక్రాన్లు, శాంప్లింగ్ పొడవు 0.8 మిల్లీమీటర్లు అయితే ఆ హద్దులు 0.6 మైక్రాన్లు, 8 మైక్రాన్లు అవుతాయి. 2021లో ఆ ప్రమాణం స్థానంలో ఐఎస్ఓ 21920-2 వచ్చింది కనుక, మీ రెండు సాఫ్ట్‌వేర్లూ ఏ ప్రమాణాన్ని పాటిస్తున్నాయో సెట్టింగుల్లో చూడండి. గాసియన్ ఫిల్టర్ కట్-ఆఫ్ (ఎంతకంటే పొడవైన అలలను గరుకుదనం నుంచి తీసేయాలో చెప్పే హద్దు) రెండింటిలోనూ ఒకటేనా అన్నదీ చూడండి. కట్-ఆఫ్ దగ్గరున్న తరంగాల ఎత్తును ఆ ఫిల్టర్ సరిగ్గా సగానికి తగ్గిస్తుంది కాబట్టి, ఒకదానిలో 0.8, మరోదానిలో 0.25 మిల్లీమీటర్లు పెట్టి ఉంటే ఆ రెండూ పోల్చదగిన ప్రొఫైళ్లే కావు. రెండింటిలోనూ ఈ మూడు విలువలను ఒకేలా పెట్టి మళ్ళీ లెక్కించి, వచ్చిన అంకెలను ఈ శీర్షికకు రాయండి.