సముద్రానికి బయల్దేరే ముందు క్యాలెండర్ చూడు

గుంటూరు

చిట్టితల్లీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన లిస్టు చూశాను. సూర్యలంక, మంగినపూడి, హంసలదీవి, కొండపల్లి, కొండవీడు, ఉప్పలపాడు, భవానీ ద్వీపం, అన్నీ ఈ చలికాలంలోనే చుట్టేయాలని రాశావు. బెజవాడ వచ్చి నెల తిరక్కుండానే ఇంత హుషారు పుట్టినందుకు సంతోషమే. కానీ నువ్వు ఊళ్ల పేర్లు రాసి వాటి ఎదురుగా ఆదివారాలు పంచేశావు. మనవైపు ప్రతి చోటికీ ఒక కాలం ఉంది, ఆ కాలంలో ఒక పూట ఉంది. అది తప్పిందంటే పిల్లలకి ఎండా దుమ్మూ తప్ప ఏమీ కనిపించవు. బడిపిల్లల్ని వెంటేసుకుని ఈ చుట్టుపక్కలంతా తిరిగినదాన్ని కాబట్టి ఆ లిస్టు కొంచెం తిరగేసి ఇస్తాను.

ముందు సూర్యలంక. కార్తీక పౌర్ణమికే పెట్టుకున్నావు. వద్దు. ఆ రోజు గుంటూరు, తెనాలి, నరసరావుపేట జనమంతా అక్కడే ఉంటారు. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లే అయినా ఆ తొమ్మిదీ కార్లో కూర్చునే గడిచిపోతాయి. జనం సంగతి అలా ఉంచు, నీళ్ల సంగతి చూడు. పౌర్ణమికీ అమావాస్యకీ సూర్యుడూ చంద్రుడూ భూమీ ఒకే వరసలోకి వస్తాయి. సూర్యచంద్రుల లాగుడు కలిసిపోయి పోటు బాగా పైకి వస్తుంది, పాటు బాగా వెనక్కి పోతుంది. అష్టమినాటికి ఒకరి లాగుడు ఇంకొకరికి అడ్డం పడి నీళ్లు కాస్త నెమ్మదిస్తాయి. మొక్కు ఉన్నవాళ్లు పౌర్ణమికి వెళ్లి మూడు మునకలు వేసి వచ్చేస్తారు, అది వేరు. చంటిదాన్ని తీసుకుని ఆటలకి వెళ్లే రోజు కాదది. మీ వంటింట్లో గోడమీదున్న తెలుగు క్యాలెండర్ తీసి బహుళ అష్టమి ఎప్పుడో చూడు. అష్టమి దాటాక రెండు రోజులు మరీ మంచివి. అందులో ఏదైనా సెలవు కలిస్తే ఆ రోజు వెళ్లండి.

క్యాలెండర్ ఒక్కటే చాలదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండాల కాలం. బయల్దేరే ముందు రోజు మచిలీపట్నం, నిజాంపట్నం పోర్టుల్లో ప్రమాద హెచ్చరిక ఎగరేశారేమో వార్తల్లో చూడు. ఒకటో నంబరే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఎక్కడో దూరాన సముద్రంలో ఏదో తయారవుతోందని దానర్థం. ఇక్కడ ఎండ కాస్తున్నా అలలు పెద్దవి రావచ్చు. హైదరాబాదులో ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు అలల ఎత్తు గురించి విడిగా హెచ్చరికలు ఇస్తారు, అవీ ఫోన్లో చూసుకోవచ్చు. అన్నిటికన్నా ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మనిషిని అడగడం సులువు. "ఇప్పుడు పోటా, పాటా? ఇక్కడ దిగొచ్చా?" అంటే చాలు, ఆయన చెయ్యి ఎటు చూపిస్తే అటు వెళ్లండి.

ఒకటి మాత్రం అల్లుడుగారితో కూర్చుని చదువు. సముద్రంలో మనుషుల్ని ముంచేది పెద్ద అల అనుకుంటాం. ఎక్కువసార్లు ముంచేది అల లేని చోటు. ఒడ్డుకి కొట్టిన నీళ్లన్నీ మళ్లీ వెనక్కి పోవాలి కదా. ఇసుక దిబ్బల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ పాయగా చేరి జోరుగా లోపలికి పోతాయి. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక పట్టీ మాత్రం నురగ లేకుండా కాస్త మట్టిరంగులో ఉంటుంది. పిల్లలున్నవాళ్లు "ఇక్కడ నెమ్మదిగా ఉంది" అని సరిగ్గా అక్కడే దింపుతారు. అందుకే నీళ్లలోకి దిగే ముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి అలలు ఎక్కడ విరుగుతున్నాయో, ఎక్కడ విరగడంలేదో చూడండి. పాటు తీసేటప్పుడు ఆ లాగుడు ఇంకా ఎక్కువ. ఇసుక దిబ్బలు ఒక చోట ఉండవు కాబట్టి పోయినసారి మోకాలి లోతే కదా అన్న లెక్క ఈసారి పనికిరాదు.

ఒకవేళ లాగితే ఒడ్డుకి ఎదురీదకూడదు, ఎంత ఈతగాడైనా అలసిపోతాడు. వెల్లకిలా తేలుతూ, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి జరగాలి. ఆ పాయ వెడల్పు ఎక్కువ ఉండదు, దాటితే అలలే ఒడ్డుకి తోస్తాయి. ఒడ్డున ఉన్నవాళ్లు వెనకాలే దూకకూడదు. ఒకరి కోసం దిగిన ఇంకొకరు పోవడం మన పేపర్లలో ఎన్నిసార్లు చదవలేదు? మూత బిగించిన ఖాళీ అయిదు లీటర్ల నీళ్ల క్యాను ఒకటి, పదిహేను మీటర్ల తాడు ఒకటి కార్లో పడేసుకోండి. క్యానుకి తాడు కట్టి విసిరితే పట్టుకుని తేలతారు.

చున్నీ, చీర ఒడ్డునే వదిలెయ్. తడిసిన బట్ట కాళ్లకి చుట్టుకుంటే అల వచ్చినప్పుడు నిలబడలేవు. ఉంగరాలు ఇంట్లోనే తీసి పెట్టు, చల్లటి నీళ్లలో వేలు సన్నబడి జారిపోతాయి. కారు తాళం నీళ్లలోకి దిగని మనిషి దగ్గర ఉండాలి. ఈ రిమోట్ తాళాలు ఉప్పునీళ్లు తాగితే ఇక అంతే, బాపట్లలో మెకానిక్ కోసం తిరగాలి. తడి ఇసుక వచ్చేదాకా పిల్లల కాళ్లకి చెప్పులు తీయనివ్వకు. పొడి ఇసుకలో సీసా పెంకులుంటాయి. తాగేవాళ్లు తాగి ఊరుకోకుండా పగలగొట్టి పోతారెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సూర్యలంకలో వాయుసేన స్థావరం ఉంది, కంచె కనిపించిన చోట ఆగిపోండి, ఫోటోలు తీయొద్దు.

నన్నడిగితే చంటిదానికి మొదటి సముద్రం మంగినపూడే. మీ బందరు రోడ్డు పట్టుకుని తిన్నగా పోతే మచిలీపట్నం, అక్కడి నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. అక్కడ ఒడ్డు చదును, చాలా దూరం లోతు రాదు. ఇసుక మెరవదు, నల్లటి రేగడి కలిసి ఉంటుంది, నీళ్లు మట్టిగా ఉంటాయి. ఫోటోలు బాగా రావని మీ తరంవాళ్లు ముఖం చిట్లిస్తారు గానీ పిల్లలకి కావలసింది మోకాలి లోతు నీళ్లూ, పీతల కన్నాలూను. లోతు తక్కువని చెయ్యి మాత్రం వదలకు. వచ్చేటప్పుడు బందరు లడ్డు తెచ్చిపెట్టు, మీ పెదనాన్న నోరు మూయించడానికి.

హంసలదీవికి స్నానం కోసం వెళ్లొద్దు, చూడ్డానికి వెళ్లండి. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట నది తోసేది ఒకవైపు, పోటు తోసేది ఇంకోవైపు. నీళ్లు పైకి ఎలా ఉన్నా లోపల సుడులుంటాయి. మోపిదేవి, అవనిగడ్డ మీదుగా పోతే దారిలో దర్శనం కూడా అవుతుంది. దివిసీమ ఊళ్లలో పెద్దవాళ్లతో మాట కలిపితే 1977 నవంబరు 19 ఉప్పెన ప్రస్తావన రాకుండా ఉండదు. వాళ్లు చెబితే విను. పిల్లలకి పాఠం అవుతుందని తవ్వి తవ్వి అడగొద్దు, ఆ గాయం కొందరి ఇళ్లలో ఇంకా ఆరలేదు.

ఆ వైపు అసలు చూడాల్సింది మడ అడవి. కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం అని 1989లో ప్రకటించారు. నాగాయలంక వైపు నుంచి అటవీశాఖ అనుమతితో పడవలో వెళ్లాలి. పెద్దాడికి సైన్సు ఇష్టమన్నావుగా, వాడికి ఒక మడ చెట్టు మొదలు చూపిస్తే చాలు. చుట్టూ బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేళ్లు పైకి నిలబడి ఉంటాయి. ఆ ఉప్పు బురదలో గాలి ఉండదు కాబట్టి చెట్టు ఊపిరి కోసం వేళ్లని పైకి పంపిస్తుంది. దగ్గరగా చూస్తే వాటి మీద సన్నటి రంధ్రాలుంటాయి, పోటు వచ్చినప్పుడు మునిగి, పాటుకి మళ్లీ బయటపడతాయి. అంటే ఇక్కడ పాటు ఉన్న పూటే వెళ్లాలి, పోటు మీద వెళితే నీళ్లూ ఆకులే కనిపిస్తాయి. బురదలో రెక్కల మీద పాకుతూ, గెంతుతూ పోయే చిన్న చేపలుంటాయి, వాటిని చూస్తే వాడు ఇక ఇంటికి రానంటాడు. చేపలు పట్టి తినే బావురు పిల్లి కూడా ఇక్కడిదే, కానీ అది రాత్రుళ్లు తిరిగేది, కనిపిస్తుందని ఆశ పెట్టకు. కొమ్మలు విరవనివ్వకు. తిల్ల చెట్టు కొమ్మ విరిస్తే తెల్లటి పాలు కారతాయి, అవి కంట్లో పడితే చూపుకే ముప్పు.

సంక్రాంతి దాటాక మళ్లీ ఒకసారి సముద్రం. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకి వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి, ఒక్కోటి వంద దాకా. కుక్కలూ నక్కలూ తవ్వకుండా అటవీశాఖ వాళ్లు గుడ్లు ఏరి కంచె వేసిన చోట పూడుస్తారు, సూర్యలంకలోనూ అలా చేస్తారు. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు. వాటిని నీళ్లలోకి వదిలే రోజు ముందే కనుక్కుని వెళితే మీవాళ్లు జన్మలో మరిచిపోరు. ఫోన్ లైటు మాత్రం వెయ్యనివ్వకు. అవి వెలుగు ఎటుంటే అటు నడుస్తాయి, మన టార్చి చూసి సముద్రానికి వీపు తిప్పేస్తాయి. ఆ రోజుల్లోనే ఒడ్డున చచ్చిపడిన పెద్ద తాబేళ్లు కూడా కనిపిస్తాయి, చాలావరకు ట్రాలర్ల వలల్లో చిక్కి ఊపిరాడక పోయినవే. పెద్దాడు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు.

ఇక నేలమీద చోట్లు. ఉప్పలపాడు మాకు దగ్గరే, పెదకాకాని మండలంలో. ఊరి చెరువుల మధ్య చెట్ల మీద గూడబాతులూ (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలూ కిక్కిరిసి ఉంటాయి. ఆ ఊరివాళ్లు ఓర్చుకోబట్టే అవి అక్కడ ఉన్నాయి, ఆ వాసన నువ్వు చూస్తే తెలుస్తుంది. మధ్యాహ్నం వెళితే సగం పక్షులు మేతకి పోయి ఉంటాయి. పొద్దు వాలే గంట ముందు చేరితే గుంపులు గుంపులుగా తిరిగి రావడం చూస్తారు. తల్లి నోటి సంచిలోకి తల మొత్తం దూర్చి చేప తినే గూడబాతు పిల్లని చూసి మా బడిపిల్లలు "మింగేస్తోంది టీచర్" అని గోల చేసేవాళ్లు. పిల్లలకి ముదురు రంగు బట్టలు వెయ్యి, కేకలు వద్దని ముందే చెప్పు.

సీతాకోకచిలుకలకి లెక్క వేరు. ఇబ్రహీంపట్నం దాటాక మూలపాడు అడవిలో వాటికోసమే ఒక పార్కు ఉంది. పక్షుల్లాగే ఇవీ అనుకుని తెల్లారగట్ల పరిగెత్తకండి. ఒంటికి ఎండ తగిలి వేడెక్కితే గానీ వాటి రెక్కలు ఆడవు. తొమ్మిదింటికి వెళ్లి పదకొండున్నరకి బయటపడండి. వానలు పడ్డాక, నవంబరు ముగిసే లోపు బాగుంటుంది, ఈ నెల దాటితే వచ్చే ఏడే. తడిమట్టి ఉన్న చోట ఆగి చూడండి, గుంపుగా వాలి ఆ మట్టిలో ఉప్పు పీలుస్తుంటాయి.

కొండపల్లి కోటా, కొండవీడూ డిసెంబరు, జనవరి నెలలకి ఉంచు. రెండు చోట్లా పొద్దున్నే ఎక్కి పదింటికల్లా దిగిపోవాలి. ఫిబ్రవరి దాటితే బండలు కాలిపోతాయి. కొండపల్లిలో బొమ్మలు కొనేటప్పుడు అవి ఈ కొండల్లో పెరిగే తెల్లపొణికి కర్రతో చేసినవని చెప్పి, ఒకటి చేతిలో పెట్టి బరువు చూడమను. కొండవీడు రెడ్డి రాజుల రాజధాని. కోట గోడలకన్నా కొండమీద చెరువులు నాకు ఎక్కువ నచ్చుతాయి. రెండు చోట్లా రాళ్ల సందుల్లో చేతులు పెట్టనివ్వకు. పాము కరిస్తే కట్టు బిగించడాలూ కోయడాలూ వద్దు, ఆ కాలో చెయ్యో కదపకుండా పట్టుకుని 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

కృష్ణలో ఉన్న భవానీ ద్వీపం ఎప్పుడైనా వెళ్లొచ్చు, ప్రకాశం బ్యారేజీకి వరద లేకపోతే. ఆగస్టు, సెప్టెంబరుల్లో వరదొస్తే పడవలు ఆపేస్తారు. పడవ ఎక్కేటప్పుడు లైఫ్ జాకెట్ అడుగు, ఇవ్వకపోతే దిగిపో, టిక్కెట్టు డబ్బులు పోతే పోయాయి. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడింది ఈ కార్తీక మాసంలోనే.

తిండి విషయం టెన్షన్ పడకు. పులిహోర అంత త్వరగా చెడదు, పెరుగన్నం మధ్యాహ్నం దాకా ఆగుతుంది, మజ్జిగలో ఉప్పు కాస్త ఎక్కువ వెయ్యి. చేపలు, రొయ్యలు ఒడ్డునే తినొచ్చు గానీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం, అప్పుడు దొరికేవి చాలావరకు ఐసులో పెట్టినవే.

ఈ ఆదివారం ఉప్పలపాడుతో మొదలుపెడదాం. మధ్యాహ్నం భోజనానికి ఇక్కడికి వచ్చేయండి, కాస్త నడుం వాల్చి మూడున్నరకి బయల్దేరదాం. మా బైనాక్యులర్స్ ఒక కన్ను మసకేసింది, అల్లుడుగారి దగ్గర మంచిది ఏదైనా ఉంటే తెమ్మను. చంటిదానికి దోమలు కుట్టకుండా పొడుగు చేతుల చొక్కా వెయ్యి.

మీ పెద్దమ్మ