ట్రక్కు క్రోమ్‌ను రబ్బరు స్ప్రేతో నలుపు చేస్తే తర్వాత నిజంగా ఊడొస్తుందా? మందంగా కొడితే వస్తుంది

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ పికప్ ట్రక్కుకి ముందు గ్రిల్, బ్యాడ్జీలు, తలుపుల మీద పట్టీలు అన్నీ మెరిసే క్రోమ్. వాటిని మ్యాట్ నలుపు చేయాలని ఉంది. పెయింట్ వేస్తే బండి అమ్మేటప్పుడు మళ్లీ క్రోమ్ తేలేమని భయం. అందుకే ప్లాస్టి డిప్ లాంటి రబ్బరు స్ప్రే కొడదామనుకుంటున్నారు. చక్రాల పైనున్న గరుకు ప్లాస్టిక్ అంచులు వెలిసిపోయాయి కాబట్టి వాటికీ అదే కొట్టొచ్చా, ముందు గరుకు కాగితంతో రుద్దాలా, కావాలనుకున్నప్పుడు నిజంగా ఊడొస్తుందా అని అడిగారు.

క్రోమ్‌కి నిశ్చింతగా కొట్టండి. గరుకు ప్లాస్టిక్‌కి మాత్రం వద్దు. రుద్దాల్సిన పని అసలే లేదు. ఇక ఊడి రావడమంటారా, అది పూర్తిగా పొర మందం మీద ఆధారపడి ఉంటుంది.

నా ట్రక్కు గ్రిల్, బ్యాడ్జీలు ఈ పద్ధతిలోనే నలుపు చేసుకున్నాను. కొన్నాళ్లకి ఒలిచేసి మళ్లీ కొత్తగా కొట్టాను కూడా. అలాగే మా తమ్ముడు కొన్న సెకండ్ హ్యాండ్ బండికి పాత యజమాని పలచగా కొట్టి వదిలేసిన కోటింగ్‌ని ఇద్దరం కూర్చుని తీశాం. ఆ రెండు పనులూ చేశాక, ఇందులో అసలు సంగతి ఎక్కడుందో బాగా తెలిసొచ్చింది.

ఈ స్ప్రేలో రబ్బరు నాఫ్తా, టోలీన్ లాంటి సాల్వెంట్లలో కరిగి ఉంటుంది. కొట్టగానే సాల్వెంట్ ఆవిరైపోయి రబ్బరు పొర మిగులుతుంది. ఆ పొర కింది ఉపరితలాన్ని పట్టుకుంటుంది కానీ అందులోకి చొచ్చుకుపోదు. ఒలిచేటప్పుడు పొర తెగకుండా రావాలంటే, కిందిదాన్ని పట్టుకున్న పట్టు కంటే దాని సొంత బలం ఎక్కువ ఉండాలి. చిన్నప్పుడు అరచేతికి జిగురు రాసుకుని ఆరాక ఒలిచే ఆట గుర్తుందా? మందంగా రాస్తే చేతి ముద్రతో సహా ఒక్క ముక్కగా వచ్చేది, పలచగా రాస్తే గీరి గీరి తీయాల్సి వచ్చేది. ఇదీ అంతే. చాలామంది ఎక్కువ కొడితే తర్వాత తీయడం కష్టమని రెండు కోట్లతో ఆపేస్తారు. జరిగేది సరిగ్గా దానికి వ్యతిరేకం. రెండు కోట్లకే నలుపు నిండుగా కనిపిస్తుంది, కానీ ఒలవడానికి ఆ మందం ఏమాత్రం చాలదు. కనీసం ఐదారు కోట్లు పడాల్సిందే.

గరుకు ప్లాస్టిక్ ఎందుకు వద్దంటున్నానో కూడా ఇక్కడే ఉంది. పెయింట్ లేని ఆ ప్లాస్టిక్ మీద సన్నటి గుంటలు ఉంటాయి. రబ్బరు ఆ గుంటల్లోకి దిగి గట్టిపడితే ఎంత మందంగా కొట్టినా తీసేటప్పుడు ముక్కలు ముక్కలుగానే వస్తుంది, గుంటల్లో నల్లటి మరకలు మిగిలిపోతాయి. ఎలాగూ మీ అంచులు మొదట నల్లవే కదా, వాటికి పాత రంగు తిరిగి రావడమే మీకు కావాల్సింది. ప్లాస్టిక్ ట్రిమ్ కోసమే వచ్చే నల్ల డై రకం రిస్టోరర్ పూయండి. అది ఊడదీయాల్సిన అవసరమే రాదు. క్రోమ్‌ని గరుకు కాగితంతో రుద్దొద్దన్నదీ ఇందుకే. మెరుపు పోవడం ఒక నష్టం, ఆ గీతల్లో రబ్బరు పట్టేయడం రెండోది.

తయారీలో రాజీపడకండి. సబ్బునీళ్లతో కడిగాక, ముందు గ్రిల్‌కి అంటుకుపోయిన పురుగులన్నీ నానబెట్టి తీయండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు బట్టలు పెట్టుకుని తుడవండి, ఒకటి తడిది, ఒకటి పొడిది. వ్యాక్స్, టైర్ షైన్‌లో ఉండే సిలికాన్ మిగిలితే కోటింగ్ అక్కడక్కడ అంటుకోక, కళ్లలా గుండ్రటి ఖాళీలుగా విడిపోతుంది. బ్యాడ్జీ వెనకా, పట్టీల సందుల్లోనూ నీళ్లు దాక్కుంటాయి. గాలి కొట్టి ఆరబెట్టకపోతే సరిగ్గా మూడో కోటు మీద చుక్క జారుతుంది. గ్రిల్ విప్పడానికి వీలుంటే విప్పేయండి, పని సగం తేలికవుతుంది. ఒకవేళ బండి మీదే కొట్టాల్సి వస్తే చుట్టూ కప్పండి కానీ, కాస్త దూరంగా పడే తుంపర గురించి టెన్షన్ పడక్కర్లేదు. అది పొడిగా రాలుతుంది, తుడిస్తే పోతుంది.

డబ్బాని గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే ధార మెత్తగా వస్తుంది. మరిగే నీళ్లు మాత్రం వద్దు, పేలే ప్రమాదం ఉంది. బాగా ఊపి, 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, చెయ్యి ఎక్కడా ఆగకుండా కొట్టండి. మొదటి కోటు మంచు పట్టినట్టు చుక్కలు చుక్కలుగా పడాలి, కింద సగం క్రోమ్ కనబడుతూనే ఉండాలి. దానికి మిగతావి అంటుకుంటాయి. రెండో కోటు నుంచి తడి మెరుపు కనిపించేలా కొట్టండి, కానీ కారనివ్వకండి. కోటుకీ కోటుకీ మధ్య 20, 30 నిమిషాలు ఆగండి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున ఈ పని పెట్టుకోకండి, నలుపు మీద తెల్లటి మసక తేలుతుంది.

గ్రిల్ విషయంలో ఒక చోటుంది, దాదాపు అందరూ వదిలేసేది. అడ్డ కమ్మీల ముందు భాగం ఎంత బాగా నిండినా, వెనక్కి తిరిగే అంచు మీద సరిగా పడదు. నా గ్రిల్ ఒలిచేటప్పుడు కమ్మీ ముఖం మీద పొర చక్కగా సాగుతూ వచ్చి, ఆ వెనక అంచు దగ్గరికి రాగానే పట్ పట్‌మని తెగింది. వేలితో తడిమితే అక్కడ పొర ఉందో లేదో అన్నంత పలచగా ఉంది. రెండోసారి కొట్టినప్పుడు ప్రతి కోటూ పైనుంచి ఒకసారి, కిందినుంచి ఒకసారి, పక్కల నుంచి ఒకసారి అంచుల్నే లక్ష్యంగా పెట్టుకుని కొట్టి, ఆ తర్వాతే ముందు భాగానికి వచ్చాను. డబ్బాలు ఎక్కువ ఖర్చవుతాయి. అవనివ్వండి.

మాస్కింగ్ టేప్ ఆఖరి కోటు తడిగా ఉండగానే లాగేయాలి. ఆరాక లాగితే టేప్‌తో పాటు కోటింగ్ అంచు కూడా లేచి వస్తుంది. బ్యాడ్జీలకైతే టేప్‌తో అక్షరాల చుట్టూ కుస్తీ పట్టనే అక్కర్లేదు. బ్యాడ్జీ మీదా, దాని చుట్టూ అరచేయంత పెయింట్ మీదా కలిపి కొట్టేసి, పూర్తిగా ఆరాక చుట్టూ ఉన్నదాన్ని బయటి అంచు నుంచి నెమ్మదిగా లాగండి. అక్షరం అంచు దగ్గర దానంతట అదే తెగి, నల్ల బ్యాడ్జీ అలాగే నిలబడుతుంది. అక్షరాల మధ్య బొక్కల్లో మిగిలిన ముక్కల్ని చెక్క టూత్‌పిక్‌తో లేపేయండి. ఇక్కడ కూడా పొర పలచగా ఉంటే పెయింట్ మీద తొక్కలు తొక్కలుగా ఇరుక్కుంటుంది. చూడ్డానికి చిన్న పనే కానీ, అది అలా తెగి విడిపోతుంటే కలిగే సంతోషం వేరు.

అయితే కొత్త మోడల్ ట్రక్కుల్లో ముందు బ్యాడ్జీ వెనకో గ్రిల్ వెనకో క్రూజ్ కంట్రోల్ రాడార్ (ముందున్న బండి దూరాన్ని పసిగట్టేది) ఉంటుంది. దాని ముందున్న భాగం మీదా, పార్కింగ్ సెన్సర్ల మీదా స్ప్రే కొట్టకండి. బండితో వచ్చిన మాన్యువల్‌లో అవి ఎక్కడున్నాయో బొమ్మతో సహా ఉంటుంది.

ఆ సాల్వెంట్ ఆవిరి తలకెక్కుతుంది, నిప్పు కూడా అంటుకుంటుంది. గుడ్డ మాస్కో దుమ్ము మాస్కో దాన్ని ఆపలేదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (ఇలాంటి ఆవిరిని ఆపే ఫిల్టర్ డబ్బా) ఉన్న రెస్పిరేటర్ మాస్క్ పెట్టుకోండి. గాలి ఆడే చోట, దగ్గర్లో ఏ మంటా లేకుండా చూసుకుని పని చేయండి.

ఆరడానికి నాలుగైదు గంటలు పడుతుంది, కానీ కొన్ని రోజులు ఆగి కడగండి. కడిగేటప్పుడు ప్రెషర్ వాషర్ ముక్కు అంచుల వైపు దగ్గరగా పెట్టకండి. రాయి తగిలి చిన్న ముక్క లేచిపోతే మొత్తం తీయనక్కర్లేదు. కొత్త కోటులోని సాల్వెంట్ పాత రబ్బరుని కాస్త కరిగించి కలిసిపోతుంది కాబట్టి, ఆ చోట అంచులు సరిచేసి మళ్లీ కొట్టుకోవచ్చు. ఇదే గుణం పెట్రోల్ దగ్గర మన మీదికి వస్తుంది. పెట్రోల్ పడితే ఈ కోటింగ్ మెత్తబడి జిగురైపోతుంది, అందుకే ట్యాంకు మూత చుట్టుపక్కల కొట్టకపోవడమే మంచిది.

తీసే రోజు వచ్చినప్పుడు, చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టకండి. కాస్త వెచ్చబడ్డాక బొటనవేలితో ఒక అంచుని ఉండలా దొర్లిస్తే లేస్తుంది, అక్కడినుంచి నిదానంగా లాగండి. ఏళ్ల తరబడి ఎండలో ఉంచేస్తే రబ్బరు పెళుసెక్కుతుంది, కాబట్టి రెండు మూడేళ్లకోసారి తీసి కొత్తది కొట్టుకోవడం ఉత్తమం. ఎక్కడైనా పలచగా ఉండి రాకపోతే గోళ్లతో గీరుతూ కూర్చోవద్దు. మా తమ్ముడి బండికి మేం మొదట అలాగే గీరాం, గంటసేపటికి అరచేయంత కూడా రాలేదు. చివరికి ఆ పాత పొర మీదే కొత్తగా మందంగా కోట్లు కొట్టి, మర్నాటిదాకా ఆరనిచ్చి లాగితే రెండూ కలిసి ఊడొచ్చాయి. మూలల్లో మిగిలిన కాస్తా డబ్ల్యూడీ-40 అనే నూనె స్ప్రే చల్లి కాసేపు నానాక మెత్తటి బట్టతో తుడిస్తే పోయింది. కింద క్రోమ్ చెక్కుచెదరలేదు.