మూలకణాల పరిశోధన: తగవు ఎక్కడ మొదలవుతుంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మూలకణాల పరిశోధన గురించి ఏ వ్యాసం చదివినా "వివాదాస్పదం" అన్న మాట తగులుతూనే ఉంది. కాని రక్త క్యాన్సర్ రోగులకు చేసే ఎముక మజ్జ మార్పిడి కూడా మూలకణాల చికిత్సేనని తెలిసింది. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పినట్టు వినలేదు. ఒకదానికి లేని అభ్యంతరం ఇంకొకదానికి ఎందుకు వచ్చింది? – ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: మూలకణాలంటే ఇతర రకాల కణాలను పుట్టించగల కణాలు. తగవంతా ఆ కణాలను ఎక్కడినుంచి తీస్తారన్నదాని చుట్టూ నడుస్తోంది. ఎముక మజ్జలోని మూలకణాలు జీవితాంతం రక్తకణాలను పుట్టిస్తూ ఉంటాయి. వాటిని ఇచ్చే వ్యక్తి తెలిసి, ఒప్పుకొని ఇస్తాడు. ఇచ్చి క్షేమంగా ఇంటికి వెళ్ళిపోతాడు. ఈ చికిత్సకు బాట వేసిన డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి వచ్చినప్పుడు ఎవరూ నైతిక చర్చ లేవదీయలేదు. అయితే మజ్జ కణాలు ప్రధానంగా రక్తానికి పనికివస్తాయి. శరీరంలోని ఏ కణంగానైనా మారగల మూలకణాలు కావాలంటే, అండం ఫలదీకరణ చెందిన ఐదారు రోజులకు, కంటికి ఒక చుక్కగా కూడా సరిగా ఆనని దశలో ఉన్న పిండం నుంచి లోపలి కణాల ముద్దను వేరుచేయవలసి వచ్చేది (తరువాత దొరికిన మరో దారి గురించి చివరి ప్రశ్నలో చూద్దాం). వేరుచేశాక ఆ పిండం ఇక ఎదగదు. 1998లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ థామ్సన్ బృందం మానవ పిండ మూలకణాలను మొదటిసారి ప్రయోగశాలలో పెంచినప్పుడు వాడుకున్నవి, సంతానం కోసం ఐవీఎఫ్ (శరీరం బయట అండాన్ని ఫలదీకరించే పద్ధతి) చేయించుకున్న దంపతులు సమ్మతితో ఇచ్చిన పిండాలు.

ఇక్కడ తేల్చవలసింది, ఆ వందా రెండు వందల కణాల ముద్దను మనిషిగా ఎంచాలా, మనిషి కాగలిగినదిగా మాత్రమే ఎంచాలా అన్నది. ఫలదీకరణ క్షణం నుంచే దానిని వ్యక్తిగా గౌరవించాలని కేథలిక్ చర్చి 1987లో వెలువరించిన పత్రంలో స్పష్టంగా చెప్పింది. యూదు ధర్మశాస్త్ర సంప్రదాయం మొదటి నలభై రోజుల పిండాన్ని నీటితో సమానంగా చూస్తుంది. పిండంలో ఆత్మ ప్రవేశించేది 120వ రోజున అని ఇస్లాం పండితుల్లో చాలామంది భావిస్తారు. మతం ఒకవైపు, విజ్ఞానశాస్త్రం మరొకవైపు నిలబడి పోరాడుతున్నట్టు చిత్రించే వ్యాసాలు ఈ తేడాలన్నిటినీ తుడిచేస్తాయి.

బ్రిటన్‌లో మేరీ వార్నాక్ అధ్యక్షతన పనిచేసిన సంఘం, పరిశోధన కోసం పిండాన్ని ప్రయోగశాలలో పెంచడానికి 1984లో 14 రోజుల గడువును సూచించింది. 1990లో అది చట్టమైంది. సుమారు ఆ సమయానికి పిండంలో తల ఎటు, తోక ఎటు అన్నది నిర్ణయించే రేఖ ఏర్పడుతుంది. ఆ తరువాత అది విడిపోయి ఇద్దరు పూర్తి కవలలుగా మారడం సాధారణంగా జరగదు. ఇంకా రెండుగా విడిపోగలిగినది ఒక వ్యక్తి ఎలా అవుతుందన్న వాదం దీని మీదే నిలబడింది. ఈ వాదం నన్ను పూర్తిగా ఒప్పించదు. కొమ్మ విరిచి నాటితే మరో చెట్టు అవుతుంది కదా అని, మొదట ఉన్నది చెట్టే కాదని అనలేము.

నా దృష్టిలో అంతకంటే బలమైనది, ఐవీఎఫ్‌లో వాడగా మిగిలిపోయిన పిండాల వాదం. 2003లో ప్రచురితమైన ఒక గణన ప్రకారం అమెరికా ఒక్కదానిలోనే సుమారు 4 లక్షల పిండాలు శీతల నిల్వలో ఉండేవి. వాటిలో అధిక భాగం దంపతులు మళ్ళీ వాడుకోవడానికి దాచుకున్నవి. పరిశోధనకు కేటాయించినవి 3 శాతం లోపే. చివరికి దంపతులకు అక్కరలేక ఎలాగూ పారవేయబోయే వాటిని వైద్యం కోసం వాడితే తప్పేమిటని సమర్థకులు అడుగుతారు. ఉరిశిక్ష పడిన ఖైదీ ఎలాగూ చనిపోతాడు కనుక అతని అవయవాలను ముందే కోసి తీసుకుందామా అని వ్యతిరేకులు ఎదురు ప్రశ్నిస్తారు. ఆ ఎదురు ప్రశ్న పదునైనదే కాని, దానిని వేసేవారు ఐవీఎఫ్‌ను కూడా అదే నోటితో కాదనవలసి ఉంటుంది. కేథలిక్ చర్చి అలాగే కాదంటుంది. దాని నిర్ణయంతో ఏకీభవించకపోయినా ఆ వాదంలో పొంతన ఉందని ఒప్పుకోవాలి. పిండాలు మిగిలే పద్ధతిని మెచ్చుకుంటూ, మిగిలిన పిండాన్ని తాకిన పరిశోధకుణ్ణి మాత్రం నిందించే రాజకీయ నాయకుల మాటల్లో ఆ పొంతన నాకు కనిపించలేదు.

ప్రశ్న: ఈ పరిశోధనను బుష్ నిషేధించారనీ, ఒబామా ఆ నిషేధాన్ని ఎత్తివేశారనీ ఒకచోట చదివాను. బుష్ కాలంలోనే కాలిఫోర్నియా దీనికి వందల కోట్ల డాలర్లు కేటాయించిందని మరొకచోట చదివాను. రెండూ ఎలా నిజమవుతాయి? – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మొదటిది నిజం కాదు. అమెరికాలో కేంద్ర స్థాయిలో జరిగిన పోరాటం ప్రభుత్వ నిధుల గురించి. పరిశోధన నేరమా కాదా అన్నదాని గురించి కాదు. మానవ పిండాలు నాశనమయ్యే పరిశోధనకు కేంద్ర నిధులు ఇవ్వరాదన్న డికీ–వికర్ సవరణను అక్కడి కాంగ్రెస్ 1996 నుంచి ఏటేటా కొనసాగిస్తోంది. 2001 ఆగస్టు 9న బుష్ ఒక మధ్యేమార్గం ప్రకటించారు: ఆ తేదీకి ముందే వేరుచేసిన కణశ్రేణులపై (ఒకే పిండం నుంచి తీసి ప్రయోగశాలలో పెంచుతూ పోయే కణాలపై) పనికి డబ్బు ఇస్తారు, కొత్తవాటికి ఇవ్వరు. అలాంటి శ్రేణులు 60కి పైగా ఉన్నాయని ఆయన చెప్పారు గాని, పరిశోధకులకు నిజంగా అందినవి 20 చిల్లర మాత్రమే. ప్రైవేటు సొమ్ముతోనో, రాష్ట్రాల సొమ్ముతోనో కొత్త శ్రేణులపై పనిచేయడానికి అడ్డు లేదు. అందుకే 2004లో కాలిఫోర్నియా ఓటర్లు 300 కోట్ల డాలర్ల బాండ్లకు ఆమోదం తెలపగలిగారు.

ఇది పార్టీల మధ్య గీత గీసినట్టు చీలిన వివాదం కూడా కాదు. గర్భస్రావాన్ని గట్టిగా వ్యతిరేకించిన రిపబ్లికన్ సెనేటర్ ఆరిన్ హ్యాచ్, అల్జీమర్స్‌తో భర్తను, మాజీ అధ్యక్షుడు రీగన్‌ను, పోగొట్టుకున్న నాన్సీ రీగన్ నిధుల పక్షాన నిలిచారు. 2006లో కాంగ్రెస్ ఆ నిధులను విస్తరిస్తూ బిల్లు ఆమోదించగా, బుష్ తన పదవీకాలంలో మొదటి వీటోను దానిమీదే ప్రయోగించారు. 2009 మార్చిలో ఒబామా 2001 నాటి పరిమితిని తొలగించారు. అయినా డికీ–వికర్ అలాగే ఉంది కనుక, పిండం నుంచి కణాలను వేరుచేసే పనికి కేంద్రం డబ్బు ఇవ్వదు. వేరొకరు వేరుచేసిన కణాలతో చేసే పనికి ఇస్తుంది. జర్మనీది ఇంకా విచిత్రమైన ఏర్పాటు. పిండాన్ని పరిశోధనకు నాశనం చేయడం అక్కడ నేరం. కాని 2002 చట్టం ప్రకారం, నిర్ణీత తేదీకి ముందు పరదేశంలో తయారైన కణాలను అనుమతితో దిగుమతి చేసుకోవచ్చు. ఆ తేదీని 2008లో ఒకసారి తరువాతి తేదీకి మార్చారు కూడా. చేతికి మట్టి అంటకుండా పంట కోసుకోవడం లాంటిదని నాకు అనిపిస్తుంది.

ప్రశ్న: ఈ చర్చలో అందరూ పిండం గురించే మాట్లాడుతున్నారు. అండం ఇచ్చే స్త్రీ గురించి ఎవరైనా ఆలోచించారా? – ఒక నర్సు

జవాబు: ఆలోచించినవారు ఉన్నారు గాని, వారి గొంతు ఆలస్యంగా వినిపించింది. రోగి సొంత జన్యువులతో పిండాన్ని క్లోనింగ్ పద్ధతిలో (అండంలో రోగి కణపు జన్యువులను ఉంచి) తయారుచేసి మూలకణాలు తీయాలంటే ఎన్నో అండాలు కావాలి. వాటి కోసం స్త్రీ రోజుల తరబడి హార్మోన్ ఇంజెక్షన్లు తీసుకోవాలి. కొందరిలో అండాశయాలు విపరీతంగా ఉబ్బి ప్రాణాపాయం దాకా రావచ్చు. దక్షిణ కొరియా శాస్త్రవేత్త హ్వాంగ్ వూ–సుక్ ఈ పద్ధతిలో సాధించానని 2004, 2005లలో ప్రకటించిన ఘనవిజయాలు కల్పితాలని తేలి, 2006 జనవరిలో ఆ వ్యాసాలను సైన్స్ పత్రిక రద్దు చేసింది. అబద్ధపు ఫలితాల గురించి లోకం చాలా మాట్లాడింది. ఆ ప్రయోగాలకు 2,000కు పైగా అండాలు సేకరించారనీ, ఇచ్చినవారిలో కొందరికి డబ్బు ముట్టిందనీ, ఆయన కింద పనిచేసే ఇద్దరు పరిశోధకురాళ్ళు కూడా వారిలో ఉన్నారనీ బయటపడిన సంగతి దాని కింద మరుగునపడింది. పై అధికారికి కాదని చెప్పలేని స్థితిలో ఉన్న మనిషి చేసిన సంతకాన్ని సమ్మతి అనడానికి నాకు మనసొప్పదు. డబ్బు విషయంలో నేటికీ ఏకాభిప్రాయం లేదు: కాలిఫోర్నియా తన నిధులు వాడే పరిశోధనలో ఖర్చులకు మించి ఇవ్వరాదంటే, న్యూయార్క్ 2009లో ప్రతిఫలం ఇవ్వడానికి అనుమతించింది.

ప్రశ్న: చర్మకణాలనే మూలకణాలుగా మార్చగలుగుతున్నప్పుడు ఈ గొడవ ముగిసినట్టే కదా? – ఒక ఇంజనీరు

జవాబు: చాలావరకు చల్లారింది, ముగియలేదు. నాలుగు జన్యువులను చొప్పించి సాధారణ కణాన్ని పిండ మూలకణం వంటిదిగా మార్చవచ్చని షిన్యా యమనక 2006లో ఎలుకల్లో, 2007లో మానవ కణాల్లో చూపారు. 2012లో నోబెల్ అందుకున్నారు. దీనితో క్లోనింగ్ అవసరమూ, దానికి కావలసిన అండాల అవసరమూ బాగా తగ్గాయి. పిండాల నుంచి వచ్చిన పాత కణశ్రేణులు మాత్రం మధుమేహం, పార్కిన్సన్స్ వ్యాధులపై మనుషుల్లో జరుగుతున్న చికిత్సా ప్రయోగాల్లో ఇప్పటికీ ఉన్నాయి.

పైగా కొత్త పద్ధతి కొత్త చిక్కు తెచ్చింది. 2023లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో జాకబ్ హన్నా బృందం అండం, శుక్రకణం రెండూ లేకుండా, కేవలం మూలకణాలతో సుమారు 14 రోజుల మానవ పిండాన్ని పోలిన నిర్మాణాన్ని పెంచింది. దానికి ఫలదీకరణ క్షణమే లేదు కనుక, ఆ క్షణం నుంచి లెక్కపెట్టే వార్నాక్ గడువు దానికి ఎలా వర్తిస్తుందో 1984 నాటి నివేదికలో దొరకదు. ప్రస్తుతానికి అటువంటి నిర్మాణాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టరాదన్న విషయంలో మాత్రం అంతర్జాతీయ మూలకణ పరిశోధకుల సంఘం మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి.